విటమిన్ డి – సంతాన సాఫల్య చికిత్స

శరీరంలోని విటమిన్ డి స్థాయికి, ఐవీఎఫ్ (శరీరం వెలుపల అండాన్ని ఫలదీకరించే పద్ధతి) వంటి సంతాన సాఫల్య చికిత్సల ఫలితాలకు మధ్య సంబంధం ఉన్నట్లు పలు అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఆ విటమిన్‌ను మందుగా ఇస్తే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని గట్టిగా రుజువు కాలేదు.

జంతు ప్రయోగాలు

1922లో ఎల్మర్ మెక్‌కలమ్ బృందం కాడ్ చేప కాలేయ నూనెలో రికెట్స్ అనే ఎముకల వ్యాధిని నయం చేసే పదార్థాన్ని గుర్తించింది. అదే విటమిన్ డి. చాలాకాలం దాన్ని ఎముకలకు సంబంధించినదిగానే చూశారు. 1980లో పరిశోధకులు హాలొరన్, డెలూకా ఈ విటమిన్ అందని ఆడ ఎలుకల్లో సంతాన సామర్థ్యం బాగా తగ్గిందని చూపారు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు విటమిన్ డి గ్రాహకం (కణాల్లో ఆ విటమిన్‌ను అందుకునే ప్రోటీన్) లేని చిట్టెలుకలను సృష్టించగా, వాటిలో గర్భాశయం సరిగా ఎదగలేదు, అండపుటికలు (అండాలు పెరిగే సంచులు) పక్వానికి రాలేదు. కానీ 2001లో డెలూకా ప్రయోగశాలలో అటువంటి చిట్టెలుకలకే కాల్షియం ఎక్కువగా పెట్టినప్పుడు పిల్లలు పుట్టాయి. దాంతో లోపం విటమిన్‌దా, కాల్షియందా అన్న ప్రశ్న తలెత్తింది.

ఐవీఎఫ్ అధ్యయనాలు

ఐవీఎఫ్‌లో సూదితో అండాన్ని సేకరించేటప్పుడు దాని చుట్టూ ఉన్న పుటికా ద్రవం కూడా బయటికి వస్తుంది. 2010లో అమెరికాలో ఓజ్‌కాన్ బృందం 84 మంది స్త్రీల నుంచి ఈ ద్రవాన్ని తీసి పరీక్షించింది. విటమిన్ డి మిల్లీలీటరుకు 1 నానోగ్రాము పెరిగిన కొద్దీ గర్భధారణ అవకాశం 6 శాతం పెరిగినట్లు తేలింది. అదే ఏడాది గ్రీసులో జరిగిన అధ్యయనంలో అలాంటి మేలేదీ కనిపించలేదు. 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు దాతల అండాలతో చికిత్స పొందినవారిని పరిశీలించారు. అండం వేరొకరిదైనా, గ్రహీతలో విటమిన్ తక్కువైతే ఫలితం తగ్గింది. విటమిన్ ప్రభావం గర్భాశయ పొర మీద ఉండవచ్చని వారు భావించారు. 2018లో 11 అధ్యయనాలను, సుమారు 2,700 మంది వివరాలను కలిపి విశ్లేషించినప్పుడు, విటమిన్ తగినంత ఉన్నవారిలో కాన్పులు ఎక్కువగా కనిపించాయి.

మందు పరీక్ష

విటమిన్‌ను మందుగా ఇస్తే ఫలితం మారుతుందా అని తెలుసుకోవడానికి ఇటలీలో విటమిన్ తక్కువగా ఉన్న 630 మంది స్త్రీలతో సుండ్రో పరీక్ష జరిగింది. చికిత్సకు ముందు కొందరికి ఒకేసారి 6 లక్షల యూనిట్ల విటమిన్ డి, మిగిలినవారికి మందు లేని ద్రవం ఇచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం గర్భధారణ విటమిన్ తీసుకున్నవారిలో 37 శాతం, తీసుకోనివారిలో 40 శాతం.

వ్యాఖ్యానం

సంబంధం కనిపించినా మందుతో మేలు కనిపించకపోవడానికి ఒక వివరణ ఉంది. స్థూలకాయం ఉన్నవారి రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంటుంది, ఐవీఎఫ్ ఫలితాలు కూడా తగ్గుతాయి. అందువల్ల తక్కువ స్థాయి విఫలతకు కారణం కాకుండా, మరో సమస్యకు గుర్తు మాత్రమే కావచ్చు. విటమిన్ డి ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారవుతుంది; అయినా ఎండ పుష్కలంగా ఉన్న ప్రాంతాల్లోనూ దాని లోపం ఉంది. తిరుపతి ప్రాంతంలో జరిపిన, 2008లో ప్రచురితమైన అధ్యయనంలో పట్టణ ప్రజల్లోనూ, గ్రామీణ ప్రజల్లోనూ అది విస్తృతంగా కనిపించింది. లోపాన్ని సరిదిద్దడం తల్లి ఎముకల ఆరోగ్యానికి అవసరమే. ఐవీఎఫ్ విజయానికి మాత్రం దాన్ని హామీగా పరిగణించరు.