తొలి కెమేరా, తొలి కటకము

క్రిందటి మాసమున మాకు వచ్చిన ఉత్తరములలో ఒక శ్రోత వ్రాసిన కార్డు కనబడినది. కళాశాలలో చేరిన కుమార్తెకు డిజిటల్ కెమేరా కొని ఈయదలచినామనియు, ఎన్ని మెగాపిక్సెళ్ళది కొన్న మేలో తెలుపవలసినదనియు అందు కలదు. అది చదువగానే మాకు వెనుకటి రేడియో అంగళ్ళ ముచ్చట జ్ఞప్తికి వచ్చినది. ఆ దినములలో రేడియో కొనబోయినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న “ఎన్ని వాల్వులది?” అని. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట వానిని కూడ అట్లే లెక్కించిరి. ఏరియలు సరిగా కట్టని యింట ఎనిమిది వాల్వుల పెట్టె కూడ గురగురలాడుననియు, మంచి ఏరియలు గల యింట నాలుగు వాల్వులదే చక్కగా పలుకుననియు పెద్దలు చెప్పగా వినియున్నాము. కెమేరాకు ఏరియలు వంటిది దాని కటకము, అనగా మనమందరము లెన్సు అని పిలుచునదే. ఆ శ్రోత దాని మాట ఎత్తనేలేదు.

ఈ మరపు నేటిది కాదు. 1839 జనవరి 7వ తేదీన పారిస్ నగరమందలి విజ్ఞాన పరిషత్తులో అరాగో పండితుడు, డగేర్ కనుగొనిన ఛాయాచిత్ర విధానమును ప్రకటించెను. వెండిపూత పూసిన రాగిరేకుపై బొమ్మ తనంతట తాను నిలుచుట చూచి లోకము విస్తుపోయినది. అయితే ఆ కెమేరాతో మనుష్యుని ముఖమును పట్టుట దాదాపు అసాధ్యము. ఎండలో నిమిషముల తరబడి కదలక మెదలక కూర్చుండవలెను. లోపము రేకునందు కొంత, కటకమునందు చాల. షెవాలియే అను పారిస్ వాసి చేసిన ఆ కటకము గుండ వెలుతురు సన్నని ధారగా మాత్రమే లోనికి వచ్చెడిది. మరుసటి సంవత్సరము వియన్నా విశ్వవిద్యాలయ గణితాచార్యుడు యోసెఫ్ పెట్స్వాల్ కాగితముపై లెక్కలు కట్టి క్రొత్త కటకమును రూపొందించెను. మొదటిదానికంటె సుమారు పదునారు రెట్లు వెలుతురు దానినుండి లోనికి వచ్చినది. రేకుపై పూయు రసాయనములు కూడ మెరుగుపడుటచే నిమిషముల పని సెకనులలోనికి దిగినది. నాటినుండియే ముఖచిత్రముల అంగళ్ళు వెలసినవి. ఆ లెక్కలు కట్టుటకు ఆస్ట్రియా ఫిరంగిదళములోని గణకులను ఆచార్యునకు తోడిచ్చిరని చెప్పుదురు. ఫిరంగులకు గురి చూచువారు ముఖముల బొమ్మలకు తోడ్పడుట మాకు ముచ్చటగా తోచును.

సామాన్యుని చేతికి కెమేరా వచ్చినది మాత్రము ఎంపిక అను బాధ తొలగించిన తరువాతనే. 1888లో అమెరికా దేశమున జార్జి ఈస్ట్‌మన్ అమ్మిన కొడాక్ పెట్టె వెల 25 డాలర్లు. లోపల నూరు బొమ్మలకు చాలినంత ఫిలిము ఉండును. అది ముగియగానే పెట్టెను పెట్టెగానే కర్మాగారమునకు పంపవలెను. 1900లో వచ్చిన బ్రౌనీ వెల ఒక్క డాలరే. కటకము దానిలోనే బిగించియుండును; మార్చుటకు వీలులేదు. సూర్యుడుండిన బొమ్మ వచ్చును, లేనిచో రాదు.

తెలుగునాట చాలకాలము ఎంపిక చేయువాడు స్టూడియో యజమాని. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన లాలా దీన్ దయాళ్ 1892లో ఘోషా స్త్రీలకై హైదరాబాదున ప్రత్యేకముగా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతికి అప్పగించెను. ఏ కటకము ఏ ముఖమునకు తగునో వారెరుగుదురు. కూర్చున్నవారికి ఆ చింత లేదు. తరువాతి కాలమున బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 పెట్టె మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించినది. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, చుట్టకు పండ్రెండు బొమ్మలు. మన గోడలపై నలుపు తెలుపు పటములలో దాని చలువ గలవి ఎన్నో. వానిలో పెక్కింటియందు పెద్దలు ఎండకు కన్నులు చికిలించుకొని నిలిచియుందురు. వంటయింటిలో, దేవుని గదిలో తీసిన బొమ్మ అరుదు. ఆ పెట్టెకు అక్కడ చూపు ఆనదు.

ఇక డిజిటల్ కథ. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విలర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు వెలుతురును విద్యుదంశములుగా కూడబెట్టగల సిలికాన్ పలకను, అనగా సీసీడీని, కనుగొనిరి. దీనికే 2009లో వారికి నోబెల్ బహుమతి లభించినది. ఆ పలకను చేతపట్టుకొని 1975లో కొడాక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఒక పెట్టె నిర్మించెను. తూకము సుమారు మూడున్నర కిలోలు. బొమ్మలోని చుక్కలు అడ్డముగా నూరు, నిలువుగా నూరు, వెరసి పదివేలు. ఒక్క బొమ్మ నిలుపుటకు ఇరువది మూడు సెకనులు పట్టెడిది. నిలిపినది దేనిమీద? మన పాటల కేసెట్టు వంటి టేపు మీదనే! ధ్వనిని నిలుపు పనిముట్టే ఆ డిజిటల్ కెమేరా చిత్రమును కూడ నిలిపినదని తెలిసినప్పుడు రేడియోవారమైన మాకు కొంత గర్వము కలిగినమాట నిజము. అయితే మా దృష్టి నిలిచినది మరియొక చోట. ఆ పెట్టెలో క్రొత్తవి కానివానిలో ఒకటి కటకము. కొడాక్ వారి చిన్న చలనచిత్ర కెమేరా భాగములలోనుండి దానిని తెచ్చి సాసన్ బిగించెను. పలకను కనుగొనవలసి వచ్చినది. కటకము మాత్రము అప్పటికే సిద్ధముగా నున్నది.

1991లో కొడాక్ వారు నికాన్ ఎఫ్3 కెమేరాకు పలక తొడిగి వార్తాపత్రికలవారికి అమ్మిరి. చుక్కలు పదమూడు లక్షలు, వెల సుమారు ఇరువది వేల డాలర్లు. బొమ్మలు దాచు యంత్రమును వేరుగా భుజమునకు తగిలించుకొనవలెను. 1999లో నికాన్ డీ1 వచ్చినపుడు వెల ఆరువేల డాలర్ల లోపునకు దిగినది. అప్పటికిని అది గృహస్థుని బేరము కాదు. 2003 ఆగస్టులో కేనన్ వారు ఈఓఎస్ 300డీ అను కెమేరాను ప్రకటించిరి. దానిలో చుక్కలు అరువది మూడు లక్షలు, అనగా 6.3 మెగాపిక్సెళ్ళు. పెట్టె ఒక్కటే కొన్న 899 డాలర్లు. 18 నుండి 55 మి.మీ. వరకు సాగు జూమ్ లెన్సుతో కొన్న 999 డాలర్లు. లెన్సు మార్చదగిన డిజిటల్ కెమేరా వెయ్యి డాలర్లకు లోబడినది అప్పుడే. ఏది కొనవలెను, దేనితో కొనవలెను అను ప్రశ్న అప్పుడు గాని సామాన్యుని గడపలోనికి రాలేదు.

ఆ వెలల నడుమ భేదమును గమనింపుడు. లెన్సు పాలు నూరు డాలర్లు మాత్రమే. పెట్టెతోపాటు వచ్చు ఈ కిట్ లెన్సు తేలికైనది, పగటివేళ కొదువలేనిది. గోపురమును చూపవలెనన్న, బంధువర్గమునంతను ఒక్క బొమ్మలో కూర్పవలెనన్న దానికి సాటి లేదు. అంగడివాడు దానిని గూర్చి ఎక్కువ మాటలాడడు. ఆరు పోయి ఎనిమిది, ఎనిమిది పోయి పది అని చుక్కలనే లెక్కించి చెప్పును. ఆరు మెగాపిక్సెళ్ళ బొమ్మను పది అంగుళముల పొడవున అచ్చువేసినను పదును చెడదు. మన ఆల్బములలో అంతకంటె పెద్దవి ఎన్ని గలవు?

ఈ సంగతి మేము పుస్తకములలో నేర్చినది కాదు. 2006లో మేము తొలి కెమేరా కొనబోయి, ఆరు మెగాపిక్సెళ్ళదో ఎనిమిదింటిదో తేలక వారము దినములు ఊగిసలాడి, ఎక్కువ వెలపెట్టి ఎనిమిదింటిదే తెచ్చితిమి. మిగిలిన సొమ్ముతో మరియొక లెన్సు కొనవచ్చునను తలంపే రాలేదు. ఆ కార్తిక పౌర్ణమినాడు మా అమ్మమ్మగారు తులసికోట యొద్ద మూడువందల అరువదియైదు వత్తులు వెలిగించుచుండగా పదునొకండు బొమ్మలు తీసితిమి. ఫ్లాష్ వేసిన వానిలో ముఖము సున్నము కొట్టినట్లు తెల్లబోయి, దీపమున్న జాడయే లేదు. వేయనివానిలో దీపము బంగారువలె నున్నది గాని ముఖము చెరిపివేసినట్లున్నది. మరుసటి ఆషాఢమున ఆమె కాలము చేసిరి. ఎనభై లక్షల చుక్కలలో ఆమె కన్నులు మాత్రము లేవు.

కారణము సులభమైన లెక్క. లెన్సుపై వ్రాయు ఎఫ్ అంకెతో నాభ్యంతరమును భాగించిన వెలుతురు ప్రవేశించు ద్వారపు వెడల్పు వచ్చును. ఆనాడు ఆమె ముఖము దగ్గరగా కనబడుటకు జూమును 55 మి.మీ. వరకు సాగదీసితిమి. అక్కడ కిట్ లెన్సు ఎఫ్ 5.6 కంటె విప్పుకొనదు. ద్వారము పది మిల్లీమీటర్లకు లోపే. పెద్ద శనగగింజంత అనుకొనుడు. కెమేరా తలుపు సెకనులో ఆరవవంతు కాలము తెరచియున్నది. వత్తినుండి వత్తికి సాగు చేయి, దానితో కదలు తల ఆ వ్యవధిలో అలుకుకొనిపోక తప్పదు. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు ద్వారమో, నేటి పది రూపాయల నాణెమంత. దానినుండి వచ్చు వెలుతురు ఇంచుమించు పది రెట్లు. సెకనులో అరువదవవంతు చాలియుండెడిది. కేనన్ వారి అట్టి లెన్సు 1990 నుండియు అంగళ్ళలో నుండెను. ప్లాస్టిక్ తొడుగుతో తూకము 130 గ్రాములే, లెన్సులలోకెల్ల చవుకైనవానిలో ఒకటి. మేము దానిని కొన్నది అమ్మమ్మగారు పోయిన తరువాత.

అయితే ఆ లెన్సుకును ఒక పరిమితి కలదు. ప్రారంభకుల కెమేరాలలోని పలక ఫిలిముకంటె చిన్నది గనుక 50 మి.మీ. లెన్సు అక్కడ 75 లేక 80 మి.మీ. దానివలె ఇరుకుగా చూచును. మన చిన్న గదులలో గోడకు వీపు ఆనించి నిలిచినను ఇద్దరికంటె ఎక్కువమంది పట్టరు. ఇంటిలో తీయుటకు 35 మి.మీ. ఎఫ్ 1.8 అనుకూలము. ఆస్కార్ బర్నాక్ నిర్మింపగా 1925లో వెలువడిన లైకా కెమేరా 50 మి.మీ. లెన్సుతో ఎట్లు చూచినదో, చిన్న పలకపై ఇది దాదాపు అట్లే చూచును.

లెన్సుకు పట్టుగా నుండు మౌంటు విషయమున కొంత జాగరూకత అవసరము. నికాన్ వారి ఎఫ్ మౌంటు 1959 నాటిది. కేనన్ వారి ఈఎఫ్ మౌంటు 1987 నాటిది. 2018లో ఇరువురును అద్దములేని కెమేరాలకై క్రొత్త మౌంటులు తెచ్చిరి. కేనన్ పాత ఈఎఫ్ లెన్సులు నడిమి తొడుగు సాయమున క్రొత్తవానిపై చక్కగా పనిచేయును. నికాన్ విషయమున చిక్కు కలదు. 2006 నాటి డీ40 మొదలు వారి చవుక కెమేరాలలో లెన్సును త్రిప్పు మోటారు లేదు. ‘డీ’ గుర్తుగల పాత 50 మి.మీ. లెన్సు తగిలించినచో ఫోకస్ చేతితోనే చేసికొనవలెను. ‘ఏఎఫ్-ఎస్’ అని యున్నది అడిగి తీసికొనుట మంచిది.

జేబులోని టెలిఫోను ఉండగా ఇదంతయు ఏల అని అడుగువారున్నారు. ఆ ప్రశ్న కర్మాగారములను కూడ తాకినది. 2010లో ప్రపంచమున పండ్రెండు కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు వెలువడగా, 2020లో ఆ సంఖ్య తొంబది లక్షల లోపునకు పడిపోయినది. టెలిఫోను తన చిన్న లెన్సు లోటును అనేక చిత్రములను కలిపి లెక్కలతో పూడ్చుకొనును. చాలసార్లు బాగుగనే పూడ్చును. అయితే ద్వారము విప్పుట, మూయుట స్వయముగా నేర్వగోరు పిల్లకు అది గురువు కాజాలదు. పైగా ఆ పడిపోవుటచే మనకొక లాభము కలిగినది: మంచి పాత కెమేరాలు చవుకగా దొరకుచున్నవి. కాబట్టి పాత పెట్టె ఒకటి, దానితో కిట్ లెన్సు, మిగిలిన సొమ్ముతో 35 మి.మీ. ఎఫ్ 1.8 కొనుడని ఆ శ్రోతకు వ్రాసితిమి. చుక్కల సంఖ్య మాటే ఎత్తలేదు.

పాత లెన్సు కొనునపుడు టార్చిలైటు వేసి వెనుకనుండి లోనికి చూడవలెనని కూడ వ్రాసితిమి. సాలెగూటి పోగుల వంటివి కనబడిన అది బూజు, తుడిచిన పోదు. సముద్రతీరపు ఊళ్ళలో ఈ బెడద మెండు. మా 50 మి.మీ. లెన్సును బిగువైన మూతగల డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో దాచుచున్నాము. ఆ పొట్లములు మందుసీసాలలో వచ్చినవే.