రెండేళ్లు ఎదురుచూసిన ఆట

2021 ఫిబ్రవరి 2. సూరత్‌లోని లింబాయత్. సాంచెల (మరమగ్గాల) కార్ఖానాలో పన్నెండు గంటల డ్యూటీ దిగి మా బావ ఇల్లు చేరాడు. గడపలోనే కొడుకు ఎదురొచ్చాడు.

“బాపూ, పీఎస్5 ఇయ్యాల్నే మన దేశంల అమ్మకానికొచ్చింది.”

“ఎంతట?”

“నలభై తొమ్మిది వేల తొమ్మిదొందల తొంభై.”

బావ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఏం మాట్లాడలేదు. సిరిసిల్ల నుంచి వలస వచ్చిన ఆయనకు అది మూడు నెలల కష్టం. లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగినప్పుడు చేసిన అప్పు ఇంకా అలాగే ఉంది.

పిల్లాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ ఏడాది చిప్‌ల కొరత ఒకపక్క, గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం క్రిప్టో మైనింగ్ మరోపక్క. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పీఎస్5 అంత ధర పలికేది. పీఎస్5 లాంటి కన్సోల్‌ను టీవీకి తగిలిస్తే చాలు, ఏళ్ల తరబడి మూత విప్పే పని ఉండదు. ఆడేసిన డిస్కును తిరిగి అమ్ముకోవచ్చు. పీఎస్2 సంగతే చూడండి. 2000లో పుట్టింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2009లో, మన హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది ఆ పాత యంత్రం కోసమే. కన్సోల్‌కు ఉన్న ఆయుష్షు అది.

కానీ పీఎస్5లో పెద్ద ఆట కొత్తగా కొనాలంటే అప్పట్లో 4,999 రూపాయలు. బావకు ఆ లెక్కలు తెలియవు. భోంచేసి చెయ్యి కడుక్కుంటూ ఒకటే అడిగాడు.

“ఆట గాక దాంతోని ఇంకేం పనైతది?”

పిల్లాడి దగ్గర జవాబు లేదు.

నెల తిరక్కుండా సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఒకటి ఇంటికొచ్చింది. గ్రాఫిక్స్ కార్డు లేదు. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అక్క ఫోన్‌లో బాధపడింది. తర్వాత పక్క గల్లీలో ఒకాయన దగ్గర ఎంబ్రాయిడరీ పంచింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. సూరత్ చీరల మీద మెషీన్ కుట్టే ప్రతి పువ్వునూ ముందు కంప్యూటర్‌లో కుట్టాలి. వాడు మామిడిపిందె చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. తెర మీద పిందెను అరచేయంత పెద్దది చేసి, దారం ఏ వాలున పడాలో, సూది ఎక్కడ ఆగి రంగు మార్చాలో ఒక్కో గీతగా పెడుతున్నాడు. వాలు తప్పితే గుడ్డ ముడుచుకుపోతుందట.

2022 సెప్టెంబరులో ఈథీరియం పద్ధతి మార్చుకుంది. కార్డులతో మైనింగ్ చేసే అవసరం పోయింది. వాడిన కార్డులు బజారుకు దిగాయి, ధరలు పడ్డాయి. పంచింగ్ డబ్బుతో వాడే ఒకటి కొనుక్కున్నాడు. 2020 మేలో ఎపిక్ స్టోర్ జీటీఏ 5ను ఉచితంగా ఇచ్చినప్పుడు, ఇంట్లో కంప్యూటరే లేకపోయినా ఫోన్‌లో ఖాతా తెరిచి ఆ ఆటను తన పేర పెట్టుకున్నాడు వీడు! రెండేళ్లకు పైగా అది అక్కడే ఉంది. డౌన్‌లోడ్‌కు రెండు రాత్రులు పట్టింది. రెండో తెల్లవారుజామున రాత్రి డ్యూటీ దిగొచ్చిన బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఏదీ, జూపియ్.”

ఆట మాత్రమే కావాలి, డబ్బుకు కొదవ లేదు అనుకుంటే కన్సోల్ కొనండి, పైసా వృథా పోదు. ఒక్క యంత్రానికే స్తోమత ఉన్న ఇంటికైతే నేను చెప్పేది పీసీయే, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే.