లోకం అడిగే మూల్యం: మన్యం అంచున ఒక రోల్‌ప్లేయింగ్ క్యాంపెయిన్

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర చేపట్టి, మాటలతోనూ పాచికలతోనూ నెలల తరబడి ఒకే కథను నడిపించే ఆటను రోల్‌ప్లేయింగ్ క్యాంపెయిన్ అంటున్నాం. ఒక క్యాంపెయిన్‌కూ ఇంకొకదానికీ తేడా ఏమిటని అడిగితే ఆడేవాళ్లు ముందుగా లోకాన్ని చూపిస్తారు. ఒకదానిలో డ్రాగన్లు ఉంటాయి, మరొకదానిలో అంతరిక్ష నౌకలు. నా వాదన ఏమిటంటే, ఈ వేషం మొదటి రెండు మూడు కూటములు దాటి నిలవదు. ఆ లోకం ఆటగాడి దగ్గర ఏం వసూలు చేస్తుందో, ఎప్పుడు చేస్తుందో, అదే ఆట రుచిని నిర్ణయిస్తుంది. ఈ మాటను ముందు పేరున్న కొన్ని ఆటల మీద, తరువాత చోడవరం పరిసరాల మీద పరీక్షిస్తాను.

ఈ ఆట పుట్టుక యుద్ధక్రీడల్లో ఉంది. 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన రైస్‌విట్జ్ క్రీగ్‌స్పీల్‌లో దళాలు పటం మీద కదిలేవి, ఫలితాన్ని అంపైరు పట్టికలు చూసి, పాచికలు వేసి తేల్చేవాడు. 1876లో వెర్డి దు వెర్నోయ్ ఆ పట్టికలను పక్కన పెట్టించి, తీర్పును అనుభవజ్ఞుడైన అంపైరుకే అప్పగించాడు. 1969లో అమెరికాలోని మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ ఒక ఊహా పట్టణాన్ని తీసుకుని, ఒక్కొక్క ఆటగాడికి దళానికి బదులు ఒక మనిషిని ఇచ్చాడు. అక్కడ ఆడిన డేవ్ ఆర్నెసన్ తన బ్లాక్‌మూర్ ఆట మొదలుపెట్టాడు. ఆర్నెసన్, గ్యారీ గైగాక్స్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది. ఈ పరంపరలో మనకు కావలసినది ఒక్కటే. నిబంధనల్లో లేని ప్రశ్నకు కూడా జవాబు చెప్పగల మనిషి, గేమ్ మాస్టర్, బల్ల దగ్గర ఉన్నాడు. కంప్యూటర్ ఆటలో తలుపు తీయడానికి కార్యక్రమం రాసినవాడు ఇచ్చిన దారులే ఉంటాయి. ఇక్కడ తలుపు పక్కన గోడ మట్టిదా రాయిదా అని అడగవచ్చు. మట్టిదని తేలితే తవ్వవచ్చు.

ఇక మూల్యం సంగతి. తొలినాళ్ల డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్ర ఎదుగుదల చాలావరకు బయటికి మోసుకొచ్చిన బంగారం మీద ఆధారపడేది. రాక్షసుణ్ణి చంపితే వచ్చే పాయింట్లు స్వల్పం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పోరాటం తప్పించుకుని, బేరమాడి, దొంగచాటుగా దాటేవారు. తరువాతి కాలంలో బంగారం లెక్క వెనక్కి వెళ్లి చంపడానికే పాయింట్లు అనే లెక్క ముందుకు వచ్చేసరికి, అవే గుహల్లో, అవే కత్తులతో, వేరే ఆట తయారైంది. శాండీ పీటర్సన్ రాసిన కాల్ ఆఫ్ క్తుల్హు 1981లో వచ్చింది. అందులో రహస్యం తెలుసుకోవడమే పరిశోధకుడి పని. కానీ ఆ నిషిద్ధ జ్ఞానం పెరిగిన కొద్దీ అతని మతి నిలకడకు ఉండే గరిష్ఠ పరిమితి తగ్గిపోతుంది, తగ్గినది తిరిగి రాదు. చదువుకున్న ప్రతి పుటకూ కంతు కట్టాలి. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన పెండ్రాగన్ వయసును వసూలు చేస్తుంది. ఏడాదికి సాధారణంగా ఒక సాహసం, తరువాత చలికాలం. ఆ చలికాలంలో పంట లెక్క, పెళ్లి, కాన్పు, ముసలితనం అన్నీ పాచికల మీదే తేలతాయి. ముసలి యోధుడు పోతే ఆటగాడు అతని కొడుకు పాత్ర ఎత్తుకుంటాడు. నాకు ఈ మూడింటిలో ఇదే ఎక్కువ ఇష్టం. ఇందులో ఓడినా వంశం మిగులుతుంది, గెలిచినా మోకాళ్లు నొప్పెడతాయి.

తెలుగువాళ్లకు ఇటువంటి నియమం కొత్తది కాదు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి తీసుకోండి. అవధాని ఒక అక్షరం పలకగానే, పద్యం ఎటు పోబోతోందో పసిగట్టిన పృచ్ఛకుడు తరువాత రావలసిన అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని అప్పటికప్పుడు వేరే మాట వెతుక్కుంటాడు. మళ్లీ నిషేధం. ఇద్దరి ఎత్తులూ ముందే తెలియవు, ఛందస్సు మాత్రం ఇద్దరికీ తెలుసు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ధ్యాస చెదరగొడుతుంటాడు. చివర ధారణలో, పూరించిన పద్యాలన్నీ అవధాని ఒప్పజెప్పాలి. మొదటి ఆవృత్తిలో అన్న మాట చివరి ఆవృత్తిలో కూడా అతన్ని కట్టేసి ఉంచుతుంది. క్యాంపెయిన్‌కు ప్రాణం ఇదే. మొదటి రోజు ఇచ్చిన మాట ముప్పయ్యో రోజు అడ్డం రావాలి. చిత్తూరు ప్రాంతపు ద్రౌపదమ్మ గుళ్లలో రోజుల తరబడి సాగే భారత ఉత్సవాల్లోనూ పాత్రలు ధరిస్తారు, తపస్సు మాను ఎక్కుతారు, దుర్యోధన వధతో ముగిస్తారు. అయితే అక్కడ ముగింపు అందరికీ తెలుసు. దానిని మళ్లీ జరిపించడమే భక్తి. ఆటలో ముగింపు ఎవరి చేతిలోనూ ఉండదు.

ఇప్పుడు చోడవరం. ఒకప్పటి విశాఖపట్నం జిల్లాలోది, 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోది. ఏజెన్సీలోని రంపచోడవరం వేరు, రెండింటినీ కలపకూడదు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, పక్కనే గోవాడ చక్కెర కర్మాగారం, చెరకు తోటలు ఈ ఊరి గుర్తులు. ఇక్కడి నుంచి మాడుగుల మీదుగా దారి పాడేరు కొండలెక్కుతుంది. మైదానం ముగిసి మన్యం మొదలయ్యే అంచు ఇది. 1922లో క్యాంపెయిన్ పెట్టాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తోచదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడునూ, అడవిలో రాకపోకలనూ కట్టడి చేసింది. కొండదారులు వేయడానికి కూలీ సరిగ్గా ఇవ్వకుండా పని చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు తీసుకుపోయింది. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు.

ఇక్కడ లోకం ఏం వసూలు చేయాలి? ప్రాణాలు అని చెప్పడం తేలిక, కానీ అది అన్ని ఆటల్లోనూ ఉన్నదే. ఈ అంచుకు ప్రత్యేకమైనది మన్యపు జ్వరం. మైదానం నుంచి వచ్చినవాడు కొండ మీద నిద్రచేసిన ప్రతి రాత్రికీ ఒక పాచిక వేయాలి. కొండవాడికి ఆ పాచిక వద్దు, దానికి బదులు అతను మైదానంలోకి దిగిన ప్రతి సంతలో అప్పు ఖాతా ఒకటి తెరుచుకుంటుంది. ఒకరి చోటు ఇంకొకరికి ఖరీదు. బండి తోలే చోడవరం రైతు పాత్ర ఊహించండి. ఉప్పు, కిరసనాయిలు ఎక్కించుకుని పైకి పోయాడు, చింతపండు, అడ్డాకులతో దిగుతున్నాడు. మలుపులో పోలీసు దళం ఆపి సామాను మోయమంటుంది.

“ఎడ్లు నీరసించిపోనాయి బాబూ, నాను ఎల్లలేను” అంటాడు ఆటగాడు.

గేమ్ మాస్టర్ ఇక్కడ పాచిక అడగకూడదు. “పోయిన వారం ఇదే దళానికి మాడుగుల దాకా మోసావు కదా, జమాదారు నిన్ను గుర్తుపట్టాడు” అనాలి. ఆటగాడు ఆ వారం సులువుగా డబ్బులు వచ్చాయని ఒప్పుకున్నవాడే. ఇప్పుడు కాదంటే ఎందుకు కాదంటున్నాడో చెప్పాలి, అవునంటే కొండ మీద సంతలో అతని మాట ఎవరూ నమ్మరు. అదృష్టం పరీక్షించే పాచిక కంటే ఈ జ్ఞాపకం బరువైనది. సీతారామరాజు దళం దాడికి ముందే కబురు పంపేదని చెప్పుకునే మిరపకాయ టపాను కూడా ఈ పద్ధతిలోనే వాడవచ్చు. ప్రమాదం ముందే తెలుస్తుంది. దాచిపెట్టి హఠాత్తుగా చూపిస్తే ఉలిక్కిపడతారు, ముందే చెబితే ఎంచుకోవలసి వస్తుంది.

ఒక అభ్యంతరం నిజంగా ఆలోచించదగ్గది. సీతారామరాజు అనుచరులు గాం గంటందొర, మల్లుదొర వంటి నిజమైన మనుషుల వారసులు ఇవాళ కూడా ఉన్న నేల మీద ఆట ఆడుకోవచ్చా? ఆడవచ్చునని నేను అనుకుంటాను, ఒక షరతు మీద. సీతారామరాజు పాత్ర ఎవరికీ ఇవ్వకూడదు. ఆయన కథ కాగితాల మీద పూర్తయింది. 1924 మే 7న కొయ్యూరులో కాల్చివేత దాకా తేదీలు తెలుసు, దాన్ని మార్చడం ఆట పని కాదు. మారేదంతా చుట్టూ ఉన్నవాళ్లలో ఉంది: బండివాడు, ముఠాదారు తమ్ముడు, తహశీల్దారు కచేరీ గుమాస్తా, సంతలో కూర్చునే షావుకారు. చరిత్ర వీళ్ల పేర్లు రాసుకోలేదు కాబట్టే ఆటగాళ్లకు చోటు ఉంది. కొండవాళ్ల నమ్మకాలను మాత్రం గేమ్ మాస్టర్ సొంతంగా అల్లకూడదు. అక్కడ పరిశోధన లేకపోతే మౌనమే మేలు.

కాలం లెక్కకు పెండ్రాగన్ చలికాలం ఇక్కడ చెరకు ఆడే కాలం అవుతుంది. గానుగలు తిరిగే ఆ నెలల్లో సాహసాలు ఆగిపోతాయి, బెల్లం ధరను బట్టి ఎవరి అప్పు ఎంత తీరిందో చూసుకుంటారు, ఎవరి ఇంట్లో ఎవరు పుట్టారో రాసుకుంటారు. అందువల్ల క్యాంపెయిన్‌ను 1924లో ఆపవలసిన పనిలేదు. శిక్ష అనుభవించి బయటికి వచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1922 నుంచి ముప్పయి చెరకు కాలాల దూరం అది. మొదటి కూటమిలో పోలీసు దళానికి సామాను మోసిన బండివాడి కొడుకు ఆ ఎన్నికలో ఓటరు. తండ్రి చేసిన పని ఊళ్లో ఇంకా ఎవరికి గుర్తుందో గేమ్ మాస్టర్ నోట్సు పుస్తకంలో ఉంటుంది, దాన్ని చూసి ఓటు ఎటు వేస్తాడో ఆటగాడే తేల్చుకోవాలి.