ఆండీస్ కొండల్లో పచ్చదనాన్ని ఆకాశం నుంచి కొలిచిన కథ

ఈరోజు మిమ్మల్ని ఆండీస్ కొండలకి తీసుకెళ్తున్నా. పెరూ, బొలీవియాల్లో 4,000 మీటర్ల ఎత్తు దాటాక, చుట్టూ గడ్డి ఎండిపోయి ఉన్నా మధ్యలో పరుపులు పరిచినట్టు పచ్చటి చిత్తడి నేలలు కనిపిస్తాయి. వాటిని బొఫెడాల్ అంటారు. మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ వానలు ఉండవు. ఆ నెలల్లో అయ్మారా, క్వెచువా కాపరుల అల్పాకాలు, లామాలు ఎక్కువగా బతికేది వీటి మీదే.

ఇంత ఎత్తులో, ఎక్కడెక్కడో విసిరేసినట్టున్న నేలల్ని ఏటేటా నడిచి కొలవడం ఎవరి తరం?

1972 జులై 23న అమెరికా ల్యాండ్‌శాట్-1 ని పంపింది. తమాషా ఏంటంటే, అప్పుడు ఎక్కువ నమ్మకం అందులోని టీవీ తరహా కెమెరాల మీదే. వర్జీనియా నార్‌వుడ్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన స్కానర్‌ది రెండో స్థానం. కొద్ది వారాలకే కరెంటు సమస్య వచ్చి కెమెరాలు ఆపేశారు. స్కానర్ మాత్రం పనిచేస్తూనే ఉంది. నా దృష్టిలో ఈ కథకి హీరో ఆవిడే.

ఆ స్కానర్ మన కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా పట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపు కాంతిని మింగేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది. ఆ రెండింటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె పేరు ఎన్‌డీవీఐ. 1970ల్లో టెక్సాస్ పరిశోధకులు అమెరికా గడ్డి మైదానాల కోసం వాడిన లెక్క ఇది. ఆండీస్‌లో వానాకాలం మబ్బులు అడ్డం, పైగా కొండంతా పచ్చగానే ఉంటుంది. ఎండు నెలల ఫోటోలో మాత్రం బొఫెడాల్ ఇట్టే దొరికిపోతుంది.

కానీ డబ్బులు? ఒక్కో ఫోటో 600 డాలర్లంటే ముప్పై ఏళ్ళ చరిత్ర ఎవరు కొనగలరు! 2008లో పాత ఫోటోలన్నీ ఉచితం చేశాకే అసలు పని ఊపందుకుంది.

అయితే అంకె పెరిగితే అంతా బాగున్నట్టు కాదు. మంచు వేగంగా కరిగితే కొన్నేళ్ళు నీళ్ళు ఎక్కువే వస్తాయి. ఆ మంచు అయిపోయాక? బొలీవియాలో చకల్తాయా హిమానీనదం 2009కల్లా మాయమైపోయింది. ఇంకోటి, చాలా బొఫెడాల్‌లకి నీళ్ళు మళ్ళించేది కాపరులు తవ్విన కాలవలే. కాలవ చూసుకునే కుర్రాళ్ళు పట్నానికి వెళ్ళిపోతే పచ్చదనం తగ్గొచ్చు. శాటిలైట్‌కి తగ్గడం కనిపిస్తుంది, కాలవ ఎందుకు పూడిందో కనిపించదు.

మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, శాటిలైట్ వ్యూలో బొలీవియాలోని సజామా కొండ వెతకండి. తెల్లటి శిఖరం కిందకి జరుపుతూ వస్తే, గోధుమరంగు నేల మీద ముదురు పచ్చ మరకలు కనిపిస్తాయి. అవే.