ప్రతిధ్వని సాక్ష్యము

ధ్వనిని నమ్ముకొని బ్రతుకు రేడియోవారము మేము. చెవికందని ధ్వని చేసిన మేలును చెప్పుకొనుట మాకు ముచ్చట.

కొన్ని స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున లాంజెవాన్ స్ఫటికముల ధ్వనితో జలాంతర్గాములను వెదకెను. 1958లో గ్లాస్గో వైద్యుడు అయాన్ డొనాల్డ్ ప్రతిధ్వనులతో ఉదరములోని గడ్డలను చూపెను. 1967 నాటికి జపానులో థైరాయిడ్ గ్రంథి వంతు వచ్చెను.

మెడలో గడ్డ కనబడినంతనే ఇంటిల్లిపాదికి గుండె జారును. నిజమునకు అట్టి గడ్డలలో అధికభాగము నిరపాయకరములే. సూదితో కణములను తీసి చూచినను కొన్నిట క్యాన్సరు ఔనో కాదో తేలదు. ఇట్టివారిలో పలువురు కత్తికి లోనైన పిదప గడ్డ మంచిదేయని తెలిసికొనెడివారు. గ్రంథి పూర్తిగా పోయినవారికి జీవితాంతము మాత్రలే గతి.

గడ్డ నల్లగా కనబడుట, వెడల్పుకంటె నిలువు హెచ్చగుట, అంచులు చెదరుట, లోపల సన్నని మెరపుచుక్కలుండుట అపాయసూచనలు. 2017లో అమెరికా రేడియాలజీ కళాశాల ఇట్టి లక్షణములకు మార్కులు వేసి గడ్డలను అయిదు తరగతులు చేసినది. సూది ఎవరికి అవసరమో తేల్చుటకు పుట్టిన ఈ లెక్క, సూది తేల్చలేని చోటను వైద్యునికి తోడగుచున్నది.

అయినను ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు. కణపరీక్షయు, కొన్నియెడల జన్యుపరీక్షయు కలిసిననే నిర్ణయము. తొందరపడి కోయకుండుటకును, ఏమరి విడువకుండుటకును ఆ సాక్ష్యము చాలును.