తగిలిందా, తగల్లేదా

1955 నవంబరులో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో తొలి టెస్టు మ్యాచ్ జరిగింది. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు కొట్టాడు. టెస్టుల్లో భారత ఆటగాడి మొదటి డబుల్ సెంచరీ అదే. అలాంటి మైదానంలో బంతి వికెట్లకు తగిలిందా లేదా అన్న పేచీ సాధారణంగా ఉండదు. మూడు కర్రలు, వాటి నెత్తిన రెండు చిన్న పుల్లలు. పుల్ల పడితే ఔటు, పడకపోతే ఆట సాగుతుంది.

ఆ మైదానం నుంచి నడిచిపోయేంత దూరంలోనే అబిడ్స్ వెనక గల్లీలున్నాయి. ఇంకాస్త ముందుకెళ్తే నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల బస్తీలు. అక్కడ వికెట్లంటే గోడ మీద బొగ్గుతోనో, ఇటుక ముక్కతోనో గీసిన మూడు గీతలు. బంతి గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది, గీతలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఇక లొల్లి మొదలు. ‘‘మిడిల్ స్టంప్‌కు తాకింది రా!’’ ‘‘ఏడ తాకింది? జానెడు బయటికి పోయింది!’’ చివరికి బ్యాటు ఎవరిదైతే తీర్పూ వాళ్లదే. వానాకాలంలో మాత్రం కాస్త న్యాయం దొరుకుతుంది. తడిసిన బంతి గోడ మీద ముద్ర వేసి పోతుంది గనక, అందరూ దగ్గరికెళ్లి వేలు పెట్టి చూసి ఒప్పుకుంటారు.

సొంతంగా చేసుకున్న గురికి ఎక్కడైనా ఇదే చిక్కు. ఏదో ఒకటి నిలబెట్టడం తేలికే. తగిలిన సంగతి అదే బయటపెట్టేలా చేయడంలోనే తెలివంతా ఉంది. అమెరికాలో ఫ్రిస్బీ లాంటి డిస్కును గొలుసుల బుట్టలోకి విసిరే ఆట ఒకటి పుట్టింది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. ఆ గొలుసుల బుట్ట వెనకా, హైదరాబాద్ పిల్లలు రాళ్ల మీద రాళ్లు పేర్చడం వెనకా ఉన్న ఆలోచన ఒకటేనంటే మొదట వింతగానే ఉంటుంది.

క్రికెట్‌కు కూడా ఈ తెలివి ఒక్కరోజులో రాలేదు. 1775 దాకా వికెట్‌కు రెండే కర్రలు, వాటి మీద అడ్డంగా ఒక పుల్ల. ఆ ఏడాది మే నెలలో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో లంపీ స్టీవెన్స్ అనే బౌలర్ వేసిన బంతులు, బ్యాటింగ్ చేస్తున్న జాన్ స్మాల్‌ను దాటి, మూడుసార్లు ఆ రెండు కర్రల సందులోంచి దూసుకుపోయాయి. పుల్ల కదల్లేదు. గురి చూసి వేసినవాడికి దక్కింది ఏమీ లేదు. ఆ తర్వాతే మధ్యలో మూడో కర్ర వచ్చింది. తప్పు బౌలర్‌ది కాదు, గురిది అని పెద్దలు ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

మళ్లీ హైదరాబాద్‌కు వస్తే, ఫతే మైదాన్ ప్రాంతానికీ గురి పెట్టడానికీ ఉన్న సంబంధం క్రికెట్ కంటే పాతది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మొఘల్ సైనికులు విడిది చేసిన చోటే, గెలిచాక ఫతే మైదాన్ అయింది. ఎనిమిది నెలలు ఫిరంగులు పేల్చినా కోట లొంగలేదు. చివరికి లోపలి అధికారి అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి తలుపు తీయించాడని చరిత్ర. అంత పెద్ద గురిని కూడా గుండు పడగొట్టలేదు, రూపాయి పడగొట్టింది. 1786లో నిజాం అలీ ఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ ఆ మైదానానికి దగ్గర్లోనే ఫిరంగులూ గుళ్లూ పోతపోసే కార్ఖానా కట్టించాడు. ఇప్పుడు సిటీ బస్సు కండక్టర్లు అరిచే గన్‌ఫౌండ్రీ అదే. ఫతే మైదాన్ పేరు 1967లో లాల్ బహదూర్ స్టేడియంగా మారింది.

ఆ గన్‌ఫౌండ్రీలోనే 1855 నాటి ఆల్ సెయింట్స్ స్కూలు ఉంది. మహమ్మద్ అజారుద్దీన్ చదివింది అక్కడే. అతని మణికట్టు షాట్ల గురించి రాసినంతగా, ఫీల్డింగ్‌లో అతని విసురు గురించి రాయలేదు. పాయింట్ దగ్గర వంగి బంతి అందుకుని, నిటారుగా లేవకుండానే కింది చేత్తో వికెట్లకు కొట్టేవాడు. చూసేవాళ్లకు అతను గురి చూసినట్టే ఉండేది కాదు. హైదరాబాద్ గల్లీల్లో ఆడిన చేతులకు ఆ విసురు కొత్తేమీ కాదని పాత ఆటగాళ్లు అంటే ఎవరూ పెద్దగా కాదనరు. ఆ గల్లీల్లో రాళ్ల ఆట నడిచేది మరి.

కోస్తా జిల్లాల్లో దాన్ని ఏడు పెంకులాట అంటారు. హైదరాబాద్‌లో లింగొచ్చా. 2023లో ఆ పేరుతో ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. ఊళ్లలో ఇంటి కప్పు నుంచి జారిన పెంకుల ముక్కలు వాడితే, నగరంలో షాబాద్ బండ ముక్కలు వాడారు. ఒకప్పుడు నిజాం రాజ్యంలో ఉన్న గుల్బర్గా వైపు షాబాద్ నుంచి వచ్చే ఆ బూడిదరంగు రాయి పొరలు పొరలుగా, చదునుగా విడిపోతుంది. నగరంలో సగం ఇళ్ల అరుగులు, వాకిళ్లు దాంతో పరిచినవే కనక పగిలిన ముక్కలకు కొదవుండేది కాదు. అరచేతి వెడల్పుది అడుగున పెట్టి, పైకి పోయేకొద్దీ చిన్నవి పేర్చి, చివర అగ్గిపెట్టెంత ముక్కను కిరీటంలా నిలబెడతారు. గీత దగ్గర నిలబడి రబ్బరు బంతితో కొట్టాలి. కూలగానే కొట్టిన జట్టు వాటిని మళ్లీ పేర్చాలి. పేర్చేవాళ్ల వీపు మీద అవతలి జట్టు బంతి పేలుస్తుంటుంది.

పేర్చడంలోనే రాజకీయమంతా. అంచులు బాగా కుదిరేలా పేరిస్తే బంతి తగిలినా పైముక్క ఒక్కటే దొర్లుతుంది, మిగతా ఆరూ కదలవు. అలా కాక వదులుగా పెడితే పక్కనుంచి స్కూటర్ పోయినా కూలిపోతుంది. అందుకే ఆట మొదలయ్యే ముందు ఇరుజట్ల నుంచీ ఒక్కొక్కరు వచ్చి కుప్పను వేలితో తోసి చూసేవారు. ఈ గురికి అంపైర్ అక్కర్లేదు. రాయి కూలడమే సాక్ష్యం, ఆ చప్పుడు గల్లీ చివరి దాకా వినిపిస్తుంది. పేచీ వచ్చేది తర్వాత, బంతి మనిషికి తగిలిందా లేక చొక్కాకు తగిలిందా అన్న దగ్గర. మనిషి గురైనప్పుడు సాక్ష్యం దొరకడం కష్టం.

నాంపల్లికి గురి ఆటలు పెద్ద ఎత్తున వచ్చేది ఏటా జనవరిలో. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శనగా మొదలుపెట్టిన నుమాయిష్, 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఇప్పుడు జనవరి 1 నుంచి 46 రోజులు నడుస్తుంది. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్, మిర్చి బజ్జీలు దాటి జెయింట్ వీల్ వైపు వెళ్తే, మన జాతర్లలో ఎక్కడైనా కనబడే సరంజామా అంతా ఉంటుంది. బెలూన్ల బోర్డు, రింగులాట. బెలూన్ కంటే నిజాయితీ గల గురి ఇంకోటి లేదు. తగిలితే పేలుతుంది, అంతే. రింగులాట అలా కాదు. రింగు సబ్బుపెట్టె చుట్టూ పూర్తిగా నేలకు ఆనాలి. అంచు మీద ఒరిగి ఆగితే లెక్కలోకి రాదు. రింగు కొలతా సబ్బుపెట్టె కొలతా ఇంచుమించు ఒకటే కాబట్టి అది ఎక్కువసార్లు అంచు మీదే ఆగుతుంది. దుకాణదారుడి బతుకుతెరువు ఆ అర అంగుళంలో ఉంది.

డిస్కుల కథ ఇక్కడికి వేల మైళ్ల దూరంలో, కానీ ఇలాంటి పిల్లలతోనే మొదలైంది. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊళ్లో రోనాల్డ్ గిబ్సన్, అతని బడి స్నేహితులు రేకు డబ్బాల మూతలను విసురుతూ గోల్ఫ్ ఆడారు. నేల మీద గీసిన వలయాలే వాళ్ల గురి. 1937లో అమెరికాలో ఫ్రెడ్ మోరిసన్ అనే యువకుడు పాప్‌కార్న్ డబ్బా మూత విసరడంతో మొదలుపెట్టి, కేకు చేసే రేకు పళ్లేనికి మారాడు. సముద్రపు ఒడ్డున అతను ఆడుతుంటే చూసినవాళ్లు 5 సెంట్ల పళ్లేన్ని 25 సెంట్లకు కొనుక్కున్నారు. అందులోంచే ప్లాస్టిక్ డిస్కు పుట్టింది. 1957లో వామ్-ఓ కంపెనీ చేతికి వచ్చాక దానికి ఫ్రిస్బీ అన్న పేరు స్థిరపడింది.

దాంతో గోల్ఫ్ ఆడేవాళ్లు 1960ల్లో చెట్లను, దీపస్తంభాలను, చెత్తడబ్బాలను, కనిపించిన ప్రతిదాన్నీ గురిగా పెట్టుకున్నారు. వామ్-ఓలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు ఏర్పాటు చేశాడు. అప్పుడు గురి అంటే నేలలో పాతిన ఉత్త స్తంభాలే. మన గోడగీతల జబ్బే ఆయన్నూ పట్టుకుంది. డిస్కు స్తంభాన్ని రాసుకుపోయిందా, పక్కనుంచి పోయిందా? దూరం నుంచి విసిరినవాడు తగిలిందంటాడు, పక్కన నిలబడ్డవాడు లేదంటాడు. ఆ వాదనలతో విసిగిపోయిన హెడ్రిక్ తన కొడుకు కెన్‌తో కలిసి స్తంభానికి గొలుసులు వేలాడదీసి, కింద బుట్ట అమర్చాడు. 1977 ఆగస్టు 2న పేటెంటు వచ్చింది. ఆయన 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి కొన్ని డిస్కులు పోతపోశారు. ఆటమీద ప్రేమ అంటే అదీ, కొంచెం అతిగానే ఉన్నా.

గొలుసుల పని చూడ్డానికి తేలిక. 175 గ్రాముల డిస్కు గిరగిరా తిరుగుతూ వచ్చి గట్టి స్తంభానికి తగిలితే వెనక్కి ఎగిరిపోతుంది. గొలుసులకు తగిలితే అవి ఊగి ఆ ఊపునంతా తాగేస్తాయి. డిస్కు చతికిలబడి బుట్టలో పడుతుంది, ఝల్లుమని చప్పుడు కూడా వస్తుంది. గొలుసు మరీ బరువైతే గోడలాగా తిప్పికొడుతుంది. మరీ పలచనైతే, లేక వరసలు దూరంగా ఉంటే, లంపీ స్టీవెన్స్ బంతిలాగా డిస్కు సందులోంచి జారుకుంటుంది. అందుకే బయట ఒక వరస, లోపల ఒక వరస వేలాడదీస్తారు.

ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. అబిడ్స్‌లో ఉండే మనిషి ఇలాంటి గురిని ఇంట్లో చేసుకోవాలంటే కంపెనీ సరుకు కోసం ఎదురుచూడక్కర్లేదు. పాత 28 అంగుళాల సైకిల్ రిమ్ములు రెండు చాలు. జుమ్మెరాత్ బజార్ పాతసామాన్లలో గురువారం పూట వెతికితే దొరికే వస్తువే. ఆ కాలపు సైకిళ్ల వెనక రిమ్ముకు 40 రంధ్రాలుంటాయి, ముందుదానికి 32. పుల్లలు ఊడదీస్తే గొలుసులు తగిలించడానికి కావలసిన రంధ్రాలు ముందే సిద్ధం, డ్రిల్లు పని తప్పుతుంది. వెనక రిమ్మును పైన పెట్టి, రంధ్రం విడిచి రంధ్రానికి తీగతో ఒక్కో గొలుసు కడితే ఇరవై వస్తాయి. ఉయ్యాల గొలుసు పనికిరాదు, బరువెక్కువ. కుక్కకు కట్టే సన్న గొలుసు మేలు. కింది కొసలన్నీ ఒక చిన్న ఇనుప రింగుకు కలిపి, గొలుసులు బిగుసుకోకుండా కాస్త వదులుగా స్తంభానికి బిగించాలి. ముందు రిమ్ముకు జాలీ చుట్టి అడుగు కడితే బుట్ట తయారు. దాని అంచు నేలకు 82 సెంటీమీటర్ల ఎత్తున ఉండేలా చూసుకుంటే పోటీల కొలతకు సరిపోతుంది. ఖాళీ పెయింటు బకెట్‌లో కాంక్రీటు పోసి జీఐ పైపును నిలబెడితే అదే స్తంభం. గొలుసు, తీగ లాంటివాటి కోసం బేగంబజార్ ఎటూ పక్కనే.

సమస్యల్లా పెరడు. అబిడ్స్, నాంపల్లి బంగళాల చుట్టూ ఉన్న తోటలు చాలావరకు కాంప్లెక్సులై, లాడ్జిలై, పార్కింగ్ స్థలాలయ్యాయి. మిగిలింది డాబా. అదృష్టవశాత్తూ ఈ ఆటలో బుట్ట నుంచి 10 మీటర్ల లోపు విసురే అసలైన సాధన, డాబా అంత పొడవుంటే చాలు. వాటర్ ట్యాంకు గోడను వెనక పెట్టుకుని బుట్టను నిలబెట్టడం ఉత్తమం. వీధి వైపు పెడితే తప్పిన ప్రతి డిస్కూ కింద చాయ్ బండి మీద దిగుతుంది.

ఇంత చేసినా పేచీ పూర్తిగా పోలేదు. డిస్కు గొలుసులు దాటి పై రిమ్ము మీద పడుకుని ఆగిపోతే? అది లెక్కలోకి రాదని ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ సంఘం నియమావళి చెబుతుంది. డాబా మీద ఆడేవాళ్లలో ఆ నియమావళి చదివినవాడు ఒక్కడే ఉంటాడు, విసిరింది మాత్రం ఇంకొకడై ఉంటాడు.