పేరు తబ్దీల్, చీజ్ వహీ

మన ఇళ్లలో ఒక్క మనిషికి నాలుగు పేర్లుంటాయి. నికానామాలో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. రిజిస్టర్‌లో పేరు తబ్దీల్ చేయించినంత మాత్రాన మనిషి మారడు. కంప్యూటర్‌లో ఫైలు సంగతీ ఇంతే. కానీ ఆ పేరు మార్చే పనిని భద్రంగా చేయడం నేర్చుకోవడానికి పెద్ద పెద్ద దిమాగ్‌లకే ఏళ్లు పట్టింది. ఆ తారీఖ్ కొంచెం చెప్పాలని ఉంది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, బెల్ ల్యాబ్స్. 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అక్కడ యూనిక్స్ మొదలుపెట్టారు. 1971 నవంబర్ 3 తారీఖుతో వచ్చిన దాని మొదటి మాన్యువల్‌లోనే 'ఎంవీ' అనే హుకుం ఉంది. మూవ్ అనే మాటని రెండక్షరాలకి కుదించారు. ఫైలుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడానికీ, పేరు మార్చడానికీ అదే హుకుం. రెండు పనులకి ఒకే మాట ఏమిటని మొదట్లో నాకూ తాజ్జుబ్ అనిపించింది.

జవాబు యూనిక్స్ కట్టడంలో ఉంది. అక్కడ ఫైలు వేరు, దాని పేరు వేరు. అస్లీ ఫైలుకి ఐనోడ్ అనే నంబరుంటుంది. మనం ఫోల్డర్ అనేది సిర్ఫ్ ఒక రిజిస్టర్. ఒక్కో వరుసలో ఒక నంబరు, ఒక పేరు. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో ఆ వరుస పొడవు 16 బైట్లు: నంబరుకి 2, పేరుకి 14. ఫైలుని జరపడమంటే ఈ రిజిస్టర్‌లో వరుస కొట్టేసి ఆ రిజిస్టర్‌లో రాయడం. పేరు మార్చడమంటే అదే రిజిస్టర్‌లో కొట్టేసి రాయడం. సామాను మాత్రం డిస్కులో ఉన్నచోటే ఉంటుంది. అందుకే పెద్ద సినిమా ఫైలు కూడా రెప్పపాటులో 'కదిలిపోతుంది'. ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకైతే ఈ కిటుకు నడవదు. పూర్తిగా నకలు తీసి, పాతది చెరిపేయాల్సిందే. పెన్ డ్రైవ్‌కి పంపేటప్పుడు ఆలస్యం అందుకే.

అస్లీ ఖత్రా ఎక్కడంటే ఆ కొట్టేయడానికీ రాయడానికీ మధ్యలో. కొత్త పేరు పెట్టడానికి ఒక పిలుపు, పాత పేరు తీయడానికి ఒక పిలుపు. ఆ పేరుతో ముందే ఇంకో ఫైలుంటే దాన్ని తీయడానికి మరొకటి. మొత్తం మూడు. మొదటి పిలుపు అయ్యాక మిషన్ ఆగిపోతే పాత ఫైలు పోయింది, కొత్తది ఆ పేరు మీదకి రానే లేదు. కాలిఫోర్నియాలో బర్క్లీ యూనివర్సిటీ వాళ్లు 1983లో 4.2 బీఎస్‌డీలో దీనికి ఇలాజ్ చేశారు. 'రీనేమ్' అనే ఒక్క పిలుపు తెచ్చారు. నడిచే మిషన్‌లో ఇతర ప్రోగ్రాములకి పాత ఫైలైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది, మధ్య హాలత్ కనిపించదు. ఆ పద్ధతి ఎంత పక్కా అంటే, ఇవాళ్టికీ జాగ్రత్తగా రాసిన ప్రోగ్రాములు కొత్త రాతని ముందు తాత్కాలిక పేరుతో రాసి, ఆ తర్వాతే అస్లీ పేరు మీదకి తెస్తాయి.

డాస్ కథ వేరు. 1981 నుంచే దానికి రీనేమ్ ఉంది. ఫైలుని జరపడానికి మూవ్ మాత్రం 1993లో ఎంఎస్-డాస్ 6.0తో గానీ రాలేదు. అంతవరకూ కాపీ కొట్టు, పాతది చెరుపు. పన్నెండేళ్లు! ఒక విషయంలో మాత్రం డాస్‌ది పైచేయి. ఫలానా తోకున్న ఫైళ్లన్నిటికీ ఇంకో తోక పెట్టమని స్టార్ గుర్తుతో చెబితే దానికి అర్థమయ్యేది. యూనిక్స్‌లో అది కుదరదు. మధ్యలో షెల్ అనే దలాల్ ఉంటాడు. స్టార్ కనిపించగానే దాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పేసి ఎంవీ చేతికిస్తాడు. మనం స్టార్ రాశామని ఎంవీకి ఖబరే ఉండదు. ఫోల్డర్‌లో సరిగ్గా రెండే ఫైళ్లుండి, ఎక్కడికి పంపాలో రాయడం మరిచామనుకోండి. మొదటిది వెళ్లి రెండోదాని పేరు మీద కూర్చుంటుంది. రెండోది ఖతం. చాలాచోట్ల అడగనైనా అడగదు.

ఇది నాకు కితాబీ ముచ్చట కాదు. మా ఖాందాన్ కాగితాలు ఫోన్‌తో ఫొటోలు తీసి పెడుతున్నాను. దాదా చేత్తో రాసిన ఖత్‌లు, పొలం కాగితాలు, నానీ నికానామా. ఫోను వాటికిచ్చింది సిర్ఫ్ నంబర్లు. వందల ఫైళ్లకి ఒక్కొక్కటిగా పేరు పెట్టాలంటే ఉమర్ చాలదు, ఒకేసారి మారుద్దామంటే ఒక ఖత్ మీద ఇంకో ఖత్ కూర్చుంటుందేమోనని భయం. అది అమానత్. కొన్నిటి అస్లీ కాగితం ముట్టుకుంటేనే పొడి అవుతోంది.

ఈ భయానికి జవాబుగా నాకు దొరికింది 'ఎంఎంవీ'. వ్లాదిమిర్ లానిన్ అనే ఆయన 1990 ప్రాంతంలో రాశాడు. యూనిక్స్‌లోనూ డాస్‌లోనూ నడిచేలా ఒకే ప్రోగ్రాము. దాని తమీజ్ నాకు నచ్చింది. ఒక్క ఫైలునీ ముట్టుకోకముందే జాబితా మొత్తం చూస్తుంది. ఏ రెండు ఫైళ్లు ఒకే పేరుకి ఢీకొంటాయో ముందే పట్టి చెబుతుంది. వాటిని వదిలేసి మిగతావి చేయాలా, అసలే ఆపేయాలా అని అడుగుతుంది. మొదటి ఫైలు పేరు రెండోదానికి, రెండోదాని పేరు మొదటిదానికి పెట్టమన్నా గందరగోళ పడదు. 'ఎన్' అనే చిన్న ఐచ్ఛికం ఇస్తే ఏమీ చేయకుండా, ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. స్టార్ ఉన్న మాటని కోట్ గుర్తుల్లో పెట్టడం జరూరీ, లేకపోతే దలాల్ ముందే విప్పేస్తాడు. డెబియన్ లినక్స్‌లో ఇది ఇప్పటికీ దొరుకుతుంది.

ఇక పేర్లు ఏ లిపిలో పెట్టాలన్నది మిగిలింది. 1992లో అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 అనే పద్ధతి తయారుచేశాడు. ఫైళ్ల పేర్లు ఇవాళ తెలుగులో, ఉర్దూలో రాయగలుగుతున్నామంటే అందులో దానికి పెద్ద హిస్సా ఉంది. ఆ లెక్కలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, ఉర్దూ అక్షరం 2 బైట్లు. 'అమ్మీ' అని తెలుగులో రాస్తే పొల్లు, గుడితో కలిపి ఐదు గుర్తులు, 15 బైట్లు. ఆ పాత 14 బైట్ల గదిలో పట్టదు. ఉర్దూలో అలిఫ్, మీమ్, యే, మూడే అక్షరాలు. 6 బైట్లలో సర్దుకుంటుంది. 4.2 బీఎస్‌డీ వాళ్లు అదే 1983లో పేరు గదిని 255 బైట్లకి పెంచారు. నానీ నికానామా ఫైలుకి ఆమె పూర్తి పేరూ, ఊరూ, తారీఖూ తెలుగులోనే రాశాను. ఇంకా జగా మిగిలింది.